ముప్పై ఒక్క పొట్లాలు

పోయిన వారం మనం కమలాక్షిని బడి వరండాలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో పరీక్ష మందు సీసా, ఎదురుగా బల్ల మీద విప్పిన ముప్పై రెండు ఉప్పు పొట్లాలు, చుట్టూ సగం ఊరు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటల్లో చెబుతాను, తెలిసినవాళ్ళు ఓర్చుకోండి. కమలాక్షి గుట్టకిందపల్లెలో అంగన్‌వాడీ టీచరు. పుంగనూరు నుంచి రామసముద్రం పోయే బస్సు దిగి మైలున్నర నడిస్తే వస్తుంది ఆ ఊరు. ఆమె కూతురు భార్గవికి తొమ్మిదేళ్ళు. ఆ పిల్ల మెడ ముందు నిమ్మకాయంత గడ్డ. పోయినేడు మదనపల్లి డాక్టరు చూసి, ఒంటికి అయోడిన్ చాలక వచ్చిందన్నాడు. అయోడిన్ కలిపిన ఉప్పు తప్ప వేరే ఉప్పు ఇంట్లోకి రానివ్వొద్దు, ఒక ఏడాది చూద్దాం, తగ్గకపోతే ఆపరేషన్ తప్పదన్నాడు. ఊళ్ళో ఇంకో ఆరుగురు పిల్లల మెడలు అట్లాగే ఉబ్బి కనిపించేసరికి, కమలాక్షి తన ఒక్క ఇంటితో ఆగలేదు. ఊరు మొత్తాన్నీ ఆ ఉప్పుకు మార్చేదాకా ఇంటింటికీ తిరిగింది. పొడి ఉప్పు మాకొద్దు, రాళ్ళుప్పయితేనే సంగటికి రుచి అన్నారు ఆడవాళ్ళు. సరేనని పుంగనూరులో అంగడి నడుపుతున్న సొంత అన్న మునిరత్నం వెంటపడి, అయోడిన్ పట్టించిన రాళ్ళుప్పు ప్యాకెట్లు తెప్పించింది. ఏడాదిగా ఊరంతా తింటున్నది ఆ ఉప్పే.

ఆ ఏడాది ఈ వారంతో నిండింది. కుప్పం నుంచి సర్వేకు వచ్చిన ఉషారాణి అనే అమ్మాయి, బడి పిల్లలందరినీ ఇంటి నుంచి చెంచాడు ఉప్పు కాగితంలో కట్టుకు రమ్మంది. మందు చుక్క పడితే అయోడిన్ ఉన్న ఉప్పు నీలంగా మారుతుంది. లేని ఉప్పు తెల్లగానే ఉంటుంది. ఇంత సులువైన పరీక్ష ఇంకోటి లేదు. ముప్పై రెండు పొట్లాల్లో ముప్పై ఒకటి తెల్లగా ఉండిపోయాయి. ఒక్కటి మాత్రం నేరేడుపండు నలిపినట్టు నీలమైంది. అది సావిత్రమ్మ ఇంటి పొట్లం.

తెల్లగా ఉండిపోయిన వాటిలో మొదటిది భార్గవి తెచ్చింది.

ఇదీ సంగతి. ఇప్పుడు వరండాలోకి పోదాం.

"నీ అన్న మన బిడ్డ గొంతు కోసినాడే," అన్నాడు నాగేంద్ర. కమలాక్షి మొగుడు. టమోటా తోటలో నుంచి అట్లాగే వచ్చాడు, చేతులకు ఆకుపచ్చ మరకలు ఇంకా పోలేదు. అరవలేదు. అరిచివుంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది. "ఏడాది పొడుగునా ఉత్త ఉప్పును మందని నమ్మి తినిపిస్తిమి."

"అన్న అట్లాంటోడు కాదు."

"కాకపోతే ఉప్పు యాల నీలం కాలేదు? సెప్పు. నువ్వే గదా టీచరు!"

ఏం చెప్తుంది? మొదటి మూట పుంగనూరు అంగడిలో దిగిన రోజు తనే స్వయంగా చుక్క వేసి చూసింది. నీలమైంది. ఆ నీలం చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది కూడా.

"నా మందే చెడిపోయిందేమో అనుకున్నాను అక్కా," అంది ఉషారాణి చిన్నగా. "చెడిపోయుంటే సావిత్రమ్మ గారి ఉప్పుకు ఎట్ల పనిచేసింది మరి?"

"దాంట్లో తెలీకపోవడానికి ఏముండాదమ్మా," అన్నాడు గుంపులోంచి ఈశ్వరప్ప. ఆయన మనవడి మెడ కూడా ఉబ్బే ఉంది. "సావిత్రమ్మ పెనిమిటి మునిరత్నం అంగడికి వారం వారం చింతపండు ఏస్తాడు. కావలసినోళ్ళకు మంచి ఉప్పు, మనకు కల్తీ ఉప్పు. మోసం చేసేవాడు అందరినీ ఒకే తీరుగా చేస్తాడా?"

ఆ మాట గుంపుకు అతికినట్టు సరిపోయింది. ఎక్కడైనా అంతే గదా, జవాబు దొరక్క కొట్టుకుంటున్న పది మందికి ఎవరైనా ఒక జవాబు పారేస్తే, అది నిజమా అబద్ధమా అని తిప్పి చూసేవాడు ఉండడు. పుంగనూరులో ఆ రోజు కల్తీ సరుకులు పట్టుకునే అధికారి ఉన్నాడని ఎవరో అన్నారు. ఇంకేం! ట్రాక్టరు బయటికి వచ్చింది. పది మంది ఎక్కారు. అందరికంటే ముందు ఎక్కినవాడు నాగేంద్ర.

"ఒక్క గంట ఆగండయ్యా," అని కమలాక్షి ట్రాక్టరు దాకా పరిగెత్తింది.

"ఏడాది ఆగినాం," అన్నాడు నాగేంద్ర. ట్రాక్టరు కదిలిపోయింది.

చేతిలోని సీసాను ఉషారాణిని అడిగి తన దగ్గరే ఉంచుకొని కమలాక్షి ఇంటిదారి పట్టింది. బుర్రలో ఒకటే రొద. అన్న మోసం చేశాడంటే మనసు ఒప్పడం లేదు. చెయ్యలేదంటే కళ్ళు ఒప్పడం లేదు. చిన్నప్పుడు అంగడిలో కూర్చున్నప్పుడు తూకంలో పప్పు తగ్గిందేమోనని ఇంకో పిడికెడు వేసి ఇచ్చేవాడు మునిరత్నం, నాన్న చేత తిట్లు తినేవాడు. ఆ మనిషి చెల్లెలి బిడ్డకు దొంగ ఉప్పు ఇస్తాడా? ఇచ్చే ముఖమేనా అది?

ఇంట్లో ఎవరూ లేరు. అత్త రత్నమ్మ తోటకు పోయింది. నాగేంద్ర వచ్చేస్తే కాయలు కోసేవాళ్ళను చూసుకునేది ఆమే. భార్గవి ఒక్కతే తిన్నె మీద కూర్చుని గడ్డను వేళ్ళతో తడుముకుంటూ ఉంది. అది ఈమధ్య ఆ పిల్లకు అలవాటైపోయింది.

"అమ్మా, నా ఉప్పు నీలం కాలేదు."

"సూసినాను పాపా."

"అయితే నాకు ఆపరేషన్ చేస్తారా?"

కమలాక్షి ఆ పిల్ల వేళ్ళను గడ్డ మీంచి తీసేసింది. "లేదు. నువ్వు పోయి ఆడుకో," అంది. ఆ పిల్ల కదల్లేదు.

వంటింట్లోకి పోయి జాడీలోంచి చిటికెడు ఉప్పు తీసి పళ్ళెంలో వేసి చుక్క వదిలింది. తెలుపు. ఇంకో చిటికెడు, జాడీ అడుగు నుంచి. తెలుపే. అటక మీద ఇంకా కత్తిరించని ప్యాకెట్ ఒకటి ఉంది, అదే అంగడిది, అదే మూటలోది. కత్తిపీట మీద మూల కోసి నాలుగు రాళ్ళు పళ్ళెంలో వేసింది. చుక్క వదిలింది.

నీలం! చూస్తూ ఉండగానే ముదురు నీలం.

మొదట ఆమెకు సంతోషం కలిగింది. అన్న మోసగాడు కాదు. ఆ వెంటనే భయం పట్టుకుంది. అంగడిలో నీలం, ప్యాకెట్‌లో నీలం, జాడీలో తెలుపు. అటకకూ జాడీకీ మధ్య ఉన్నది నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో అయోడిన్ యాడికి పోయింది?

ఇంట్లోనే ఎవరైనా మార్చారా? అత్తా? ఎడ్లబండి మీద తెచ్చి అమ్మే మామూలు ఉప్పే రుచి అని మొదట్లో రత్నమ్మ సణిగిన మాట నిజం. చాటుగా ఆ ఉప్పు కొని జాడీలో పోస్తూ, ప్యాకెట్ ఉప్పు ఎవరికో ఇచ్చేస్తోందా? అట్లా అనుకున్నందుకు కమలాక్షికి తనమీద తనకే అసహ్యం వేసింది. మనవరాలి మీద ఈగ వాలనివ్వని మనిషి ఆమె. పోనీ ఆమే అనుకుందాం, ముప్పై ఇళ్ళల్లో ముప్పై అత్తలు ఒకేసారి అట్లా చేస్తారా? ఊరంతా కలిసి తనను ఆడిస్తోందా ఏమిటి ఖర్మ?

ఇక మిగిలింది సావిత్రమ్మ. కమలాక్షి సీసా కొంగున ముడేసుకుని బయల్దేరింది.

సావిత్రమ్మ ఇంటి గురించి ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ ఇంటికి పోయేవాళ్ళు కూర్చోడానికి చోటు తామే ఊడ్చుకోవాలి అని. మంచి మనిషే, నవ్వుముఖం, చెడు మాట నోట రాదు, కానీ పనంటే మాత్రం ఒళ్ళు వంగదు. కమలాక్షి పోయేసరికి నులకమంచం మీద కాళ్ళు చాపుకుని రేడియో వింటూ ఉంది.

"రామ్మా టీచరమ్మా. ఆ చాట పక్కకు తోసి కూసో. మా ఆయన గురించి ఆ ఈశ్వరప్ప ఏందేందో కూసినాడంట గదా?"

"అదంతా వదిలెయ్ అక్కా. నీ ఉప్పు ఒక తూరి సూపించు."

"సూపించేదానికి ఏముండాది? అదో, గూట్లో."

గూట్లో ప్యాకెట్ అట్లాగే ఉంది, మూల కత్తిరించి, బట్టలు ఆరేసే క్లిప్పు పెట్టి. జాడీలో పోయడానికి కూడా బద్ధకమే. కమలాక్షి చుక్క వేసింది. నీలం.

"అక్కా, మా అన్న నీకేమైనా వేరే ప్యాకెట్ ఇస్తాండాడా?"

"అయ్యో రాత! ఊరందరికీ వచ్చే మూటలోదే గదమ్మా. మొన్న మీ అత్తా నేనూ ఒక్కసారే తెచ్చుకుంటిమి."

"మరి నువ్వు దీన్ని ఏం చేస్తావు? తెచ్చినాక."

"ఏం చేస్తాను, కూరలో ఏస్తాను." సావిత్రమ్మ నవ్వింది. "నువ్వు మందలించేదానికే వచ్చినట్టుండావు. సరే, ఒప్పుకుంటా. అందరి మాదిరి నాకు చేత కాదు. మీ అత్త శుక్రవారం శుక్రవారం ఉప్పు కడిగి, గుడ్డ మీద ఆరబోసి, మడితో జాడీకి ఎత్తుతుంది. వాండ్లందరూ అంతే. నాకు బియ్యం కడిగేటప్పటికే నడుము పడిపోతుంది, ఇంక ఉప్పు కూడా యాడ కడిగేదమ్మా? మీ అంగన్‌వాడీలో మాత్రం సెప్పొద్దు, సిగ్గుపోతుంది."



ఉప్పు కడగడం! ఆ ఇంటికి కాపురానికి వచ్చి పదకొండేళ్ళు. పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం పెరట్లో రత్నమ్మ వెదురుబుట్టలో ఉప్పు పోసి, పైన నీళ్ళు చల్లి, గబగబా అరచేత్తో రుద్ది, వడగట్టి ఎండలో ఆరేయడం చూస్తూనే ఉంది. ఎవరెవరి కాళ్ళు తొక్కిన ఉప్పో, దేవుడి నైవేద్యంలోకి పోయేది, కడక్కుండా ఎట్లా అంటుంది రత్నమ్మ. పుట్టింట్లో అమ్మా కడిగేది. అది బియ్యం కడిగినట్టు, కాళ్ళు కడుక్కున్నట్టు. అట్లాంటి పనిని ఎవరైనా పనిగా లెక్కపెడతారా? మూత పెట్టండి, తడి తగలనివ్వకండి, పొయ్యి పక్కన పెట్టకండి అని ఊరంతా తిరిగి చెప్పింది గదా, కడగొద్దు అని మాత్రం ఎక్కడా చెప్పలేదు. కడుగుతారని ఆమెకు తెలుసు, అయినా తెలియలేదు. ఇదెట్లా సాధ్యమో ఆమెకే అర్థం కాలేదు.

"ఈ రోజు ఏ వారం అక్కా?"

"శుక్రవారం. యాలమ్మా, అట్ల లేస్తాండావు? కాఫీ..."

కమలాక్షి అప్పటికే వీధిలో ఉంది. తాను కత్తిరించి వంటింట్లో వదిలేసి వచ్చిన ప్యాకెట్ గుర్తొచ్చింది.

పెరటి తలుపు తోసేసరికి రత్నమ్మ తోట నుంచి వచ్చేసి, స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని పనిలో ఉంది. ముందు వెదురుబుట్ట. బుట్ట కింద ఇత్తడి గిన్నె. గిన్నెలోకి కారిన నీళ్ళను ఎత్తి కుడితి తొట్టిలో పోయబోతోంది. ఆ తొట్టి ముందు వాళ్ళ పుంగనూరు పొట్టి ఆవు గౌరి, ఇంకెంతసేపు అన్నట్టు తల ఎత్తి చూస్తూ ఉంది.

"అత్తా, పోయొద్దు! ఆగు!"

రత్నమ్మ ఉలిక్కిపడింది. "ఏమ్మే? పాము గాని ఉండాదా?"

కమలాక్షి గిన్నెను ఆమె చేతుల్లోంచి లాక్కుంది. కొంగు ముడి విప్పి, ఆ గిన్నె నీళ్ళలో నాలుగు చుక్కలు వదిలింది. చుక్క పడినచోట నీలం విచ్చుకుంది. కలిపితే గిన్నెడూ నీలమైంది. బుట్టలో కడిగిన ఉప్పు మీద ఇంకో చుక్క వేసింది. తెల్లగా, అమాయకంగా ఉండిపోయింది.

మదనపల్లి డాక్టరు రాసిచ్చిన అయోడిన్, మునిరత్నం మూటలు మోసి తెచ్చిన అయోడిన్, ఏడాది పొడుగునా శుక్రవారం శుక్రవారం ఈ తొట్టిలోకి పోయింది. బిడ్డకని తెచ్చినదాన్ని ఆవు తాగింది. గౌరి మెడ మాత్రం నున్నగా, ముచ్చటగా ఉంది. కమలాక్షికి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

"ఏందమ్మా ఇది? నీళ్ళు ఇట్లయినాయి యాల?"

"అత్తా... పాపకు కావలసిన మందు ఈ నీళ్ళల్లో ఉండాది. ఉప్పు పైన పట్టించింటారు. కడిగితే పోతుంది."

రత్నమ్మకు వెంటనే అర్థం కాలేదు. గిన్నె వంక చూసింది, బుట్ట వంక చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"నువ్వే గదమ్మా సెప్పింది?"

"నేనా?"

"అంగన్‌వాడీలో బొమ్మ పెట్టి సెప్తివి గదా, వంటలోకి పోయేది ఏదైనా శుభ్రంగా కడిగి వాడాలని. అంతకు ముందు ఊళ్ళో సగం మందే ఉప్పు కడిగేది. నువ్వు సెప్పినాక అందరూ మొదలుపెట్టిరి. నేను ఒక తూరి కడిగేదాన్ని. పాపకు బాగలేదని తెలిసినాక, ఏ మురికీ దాని నోట్లోకి పోకూడదని..." రత్నమ్మ మూడు వేళ్ళు చూపించింది. "మూడు తూర్లు కడుగుతాండాను."

ఆ బొమ్మ కమలాక్షికి గుర్తుంది. రంగులు తనే వేసింది. కూరగాయలు, పప్పు, బియ్యం, పైన ధారగా పడుతున్న నీళ్ళు. ఏదైనా కడిగి వండండి అని పెద్ద అక్షరాలతో రాసింది కూడా తనే. ఆడవాళ్ళందరి చేతా మూడుసార్లు పలికించింది.

"అంటే పాపకు రావలసిన మందు నేనే పారబోస్తినా?" అంది రత్నమ్మ. చేతులు చాపి చూసుకుంది, ఆ చేతులు తనవి కానట్టు. "సెప్పు కమలా, నేనేనా?"

నువ్వు కాదు, నేనే అని చెప్పాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వీధిలో ట్రాక్టరు ఆగిన చప్పుడైంది. అయ్యో, అన్న! ఇంత గొడవలో అన్న సంగతే మరిచిపోయింది. కమలాక్షి ఆ నీలం గిన్నెను రెండు చేతులా ఎత్తుకుని ముందుకు పరిగెత్తింది. ఈ నీళ్ళు చూపిస్తే చాలు, అంతా విడిపోతుంది. ఆ అధికారికి తానే పోయి చెప్తుంది. ఊరంతా తనను తిట్టినా సరే.

నాగేంద్ర గడపలో నిలబడి ఉన్నాడు. పోయేటప్పుడు ఉన్న కోపం ముఖంలో లేదు. దారి తప్పినవాడి మాదిరి ఉన్నాడు.

"ఇది సూడండి!" అంది ఆయాసపడుతూ. "అన్న ఏ తప్పూ చెయ్యలేదు. ఉప్పు మంచిదే. మనమే..."

"మీ అన్న ఒప్పుకున్నాడు కమలా."

"ఏందీ?"

"ఎవురూ కొట్టలేదు, తిట్టలేదు. మేం పోయినాక ఆయప్ప ఒక్కటే అడిగినాడు, ఎన్ని ఇండ్లల్లో తెల్లగా ఉండాదని. ముప్పై ఒకటి అన్నా. మా చెల్లెలి ఇంట్లో? అన్నాడు. అదీ తెల్లగానే అన్నా. తర్వాత ఆయప్పే కాగితం అడిగి తీసుకుని, తప్పు నాదే, కల్తీ ఉప్పు అమ్మినానని రాసి సంతకం పెట్టినాడు. అధికారి అంగడికి సీలు వేసి జీపులో తీసుకుపోయినాడు."

"చెయ్యని తప్పు యాల ఒప్పుకుంటాడు?" వెనకనుంచి రత్నమ్మ అరిచినంత పని చేసింది.

కమలాక్షికి పోయిన నెల గుర్తొచ్చింది. అదీ ఒక శుక్రవారమే. మునిరత్నం చూడటానికి వచ్చి, పెరట్లో మంచం మీద కూర్చుని, ఉప్పు కడుగుతున్న రత్నమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత అంగన్‌వాడీ గోడకు కమలాక్షి అంటించిన ఆ కడిగే బొమ్మ దగ్గర నిలబడి అంతసేపూ దాన్నే చూశాడు. ఏందన్నా అట్ల సూస్తాండావు అని తను అడిగితే, ఏం లేదమ్మా అని బస్సెక్కిపోయాడు.

తెలుసా? అన్నకు నెల కిందటే తెలుసా? తెలిసి కూడా, ఈ పిల్ల మెడ చూసి కూడా, నోరు విప్పకుండా పోయాడా?

"పోతా పోతా నీకొక మాట సెప్పమన్నాడు," అన్నాడు నాగేంద్ర, ఆమె చేతిలోని నీలం నీళ్ళను అర్థం కాకుండా చూస్తూ. "ఆ బొమ్మ వెంటనే పీకేయమన్నాడు. ఇంకెవురూ సూడకముందే కాల్చేయమన్నాడు, లేకుంటే తప్పంతా నీ మీదికి వస్తుందంట. ఏ బొమ్మ కమలా?"